పసుపు పట్టిన తూటా

"పసుపు కొమ్ములు ఆరబోయడానికి ఇంట్ల ఇన్ని తాంబాలాలుంటే నా ట్రేనే దొరికిందా అత్తమ్మా?"

"ఏందే, బంగారు పళ్ళెమా? పిలాస్టిక్‌దే గదా. కడిగితే పోతది."

"మూడుసార్లు కడిగిన. పోలే."

"నాలుగోసారి కడుగు."

దసరాకు రెండు రోజుల ముందు, మేడ్చల్‌లోని ఆ ఇంటి వెనక వరండాలో అత్తాకోడళ్ళ మధ్య జరిగిన గొడవ ఇంతే. దుర్గాబాయి కొమ్ములను చేటలోకి ఒంపుకొని, గొణుక్కుంటూ లోపలికి పోయింది. రోజారాణి తెల్ల ట్రేను మళ్ళీ కుళాయి కింద పెట్టింది.

ఆ ట్రేలో ఆమె ఆరబోసేది వడియాలు కాదు, తుపాకీ తూటాల ఖాళీ గొట్టాలు. భర్త బాలేష్‌కు ఊళ్ళో మోటార్లు చుట్టే దుకాణం ఉంది, ఆదివారమైతే తుపాకీ పిచ్చి ఉంది. అలియాబాద్ దాటాక ఉన్న షూటింగ్ క్లబ్బుకు పోయి గాల్లోకి ఎగిరే మట్టి బిళ్ళలను కొట్టి వస్తాడు. కాల్చిన గొట్టాలను ఏరుకొచ్చి ఇంట్లోనే మళ్ళీ నింపుకోవచ్చని ఎవరో చెబితే, కమిషనరేట్ చుట్టూ ఏడాది తిరిగి భార్యాభర్తలిద్దరి పేరా లైసెన్సు తెచ్చాడు. గొట్టాలు నింపే చేతి ప్రెస్సు కొన్నాడు. నాలుగో రోజుకే విసుగొచ్చి వదిలేశాడు. పట్టుకున్నది రోజారాణి.

బీఎస్సీ ల్యాబులో తూకం నేర్చిన చెయ్యి ఆమెది. పెళ్ళయ్యాక ఆ చేతికి ఉప్పూ కారం తప్ప తూచడానికేమీ దొరకలేదు. గొట్టం అంచు చీలిందేమోనని వెలుతురుకు పట్టి చూడటం, అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ సరిగా కూర్చుందో లేదో వేలి కొసతో తడమటం, మందూ సీసపు రవ్వలూ ప్రతిదాంట్లో ఒక్కలాగే పడేట్టు తూచడం, చివరికి గొట్టం నోటిని మల్లెమొగ్గలా మడిచి మూయడం ఆమెకు ఎంత చేసినా విసుగు పుట్టని పనులయ్యాయి. కొన్న తూటా లోపల ఏముందో దాన్ని అమ్మినవాడికి కూడా తెలియదు. చేసుకున్న తూటా లోపల ఏముందో చేసినవాళ్ళకు కళ్ళు మూసుకున్నా కనబడుతుంది. బండి మీంచి పడి బాలేష్ కుడి భుజం పాడైనప్పుడు, కొన్న తూటాలు పేలినప్పుడు భుజానికి తగిలే తన్నుకు తాళలేక తుపాకీ అమ్మేస్తానన్నాడు. రోజారాణి మందు కంపెనీవాళ్ళ కొలతల పట్టిక ముందేసుకుని, అందులో మెత్తగా తన్నే రకం వెతికి చేసిచ్చింది. ఆ తర్వాతే అతను మళ్ళీ తుపాకీ ఎత్తాడు.

ప్రతి విడత నుంచీ కొన్ని తీసుకుని బుధవారాలు క్లబ్బుకు పోయి తానే కాల్చి చూసేది. ఇరవై ఐదు బిళ్ళల్లో ఇరవై రెండు రాలుతుంటే, అక్కడ పనిచేసే ముసలి కుర్మయ్య "గీ సంగతి సారుకు ఎరుకేనా అమ్మా?" అని నవ్వేవాడు. ఎరుక లేదు. ఏనాడైనా అడిగితే కదా.

ఇంతా చేస్తే, నిరుడు దసరా తర్వాతి ఆదివారం అంతా బూడిదపాలైంది. క్లబ్బు పోటీలో బాలేష్, అతని అన్న వీరేందర్ చివరి బిళ్ళ దాకా సమానంగా ఉన్నారు. బాలేష్ మీట నొక్కాడు. టక్కుమంది, పేలలేదు. చేతితో నింపిన తూటా పేలకపోతే ఆ బిళ్ళ పోయినట్టే. అది ఆ క్లబ్బు పద్ధతి. కప్పు వీరేందర్‌కు పోయింది.

ప్లాట్లు అమ్మే వీరేందర్‌కు గొంతు ముందు నుంచీ పెద్దదే. "పప్పుల పోపు వెట్టేటోళ్ళకు మందుగుండు అప్పజెప్తే గిట్లనే తుస్సుమంటది" అన్నాడు నలభై మంది ముందు. నలభై మందీ నవ్వారు. వాళ్ళతోపాటు బాలేష్ కూడా నవ్వాడు. కప్పు పోయినందుకు కాదు, ఆ నవ్వుకే రోజారాణి గుండెలో మేకు దిగింది. ఆ రోజు నుంచి క్లబ్బులో ఆమె తూటాలకు తుస్సు తూటాలని పేరు. ఇంట్లో అన్నం కాస్త మెత్తబడినా అత్తగారు "ఇది గూడ తుస్సేనా?" అనేది.

పేలని తూటాను కుర్మయ్య కోసి, మందు పారబోసి, ఉత్త గొట్టాన్ని ఆమె చేతిలో పెట్టాడు. "యాడనో తడి తగిలిందమ్మా" అన్నాడు. గొట్టాలు సరిగా ఆరబెట్టలేదేమోనని రోజారాణి ఏడాదిపాటు తనను తానే తిట్టుకుంది. నిద్రపట్టక లేచి ఆరినవాటిని మళ్ళీ ఆరబెట్టింది. అంత మాటన్న వీరేందరే, ఈ ఎండాకాలం తన విదేశీ తూటాలు దొరకడం ఆగిపోయేసరికి, తమ్ముడి చేత అడిగించి పోటీకి యాభై తూటాలు ఈమె దగ్గరే చేయించుకుంటున్నాడు. క్లబ్బులో ఎవరైనా అడిగితే విదేశీ సరుకేనంటాడు.

ఇప్పుడు కుళాయి కింద ట్రేను నాలుగోసారి తోముతుంటే రోజారాణి చెయ్యి ఆగిపోయింది. ట్రే మధ్యలో పసుపు వదిలింది. మూలల మడతల్లో మాత్రం వదల్లేదు. ఆ రంగును ఆ ఆకారంలో ఎక్కడో చూసింది.

గదిలోకి పోయి ఖాళీ ఆవకాయ సీసాను కడిగి అందులో దాచిన నిరుటి గొట్టాన్ని తీసింది. నోటి మడతలను వేళ్ళతో విప్పి కిటికీ దగ్గర పట్టుకుంది. మడత లోపల, అంచు వెంబడి, సన్నటి పసుపు గీత. ఇన్నాళ్ళూ అది మందు మరకే అనుకుంది.

"బిందూ, నిరుడు దసరా పూజ వీడియో నీ ఫోన్‌ల ఉన్నదా?"

ఇంటర్ చదివే కూతురు ఫోనిచ్చింది. నిరుడు రోజారాణి బతుకమ్మకని సూరారంలోని పుట్టింటికి పోయింది. బాలేష్ దుకాణంలో పూజ చేసుకుంటున్నాడు. ఇంటి ఆయుధపూజ పెద్దకొడుకుగా వీరేందర్ చేశాడు. వీడియోలో అమ్మవారి ముందు తుపాకీ, పక్కనే మూత తీసిన తూటాల డబ్బా, వీరేందర్ చేతిలో పసుపు నీళ్ళ చెంబు. నాలుగు చుక్కలు చల్లాల్సినవాడు చెంబంతా గుమ్మరించాడు.

"అరేయ్, డబ్బంత నానింది గదరా!" అన్నది దుర్గాబాయి గొంతు.

"తుడిస్తె అయిపాయె. రోజాకు చెప్పకే అమ్మా, లొల్లి జేస్తది."

అమ్మ నవ్వింది. కొడుకు కండువాతో తూటాలను తుడిచి డబ్బా మూశాడు. ఆ ఆదివారం తాను మాత్రం పొడి తూటాలతో పోయాడు.

రోజారాణి వీడియోను రెండుసార్లు చూసింది. డబ్బాలోని వందలో తొంభై తొమ్మిది తూటాలు ఆ నీళ్ళను కూడా తట్టుకున్నాయన్నమాట. ఒక్కటే తట్టుకోలేదు. తన చెయ్యి తప్పలేదు. కళ్ళనీళ్ళు వస్తాయనుకుంది గానీ రాలేదు.

ఆ రెండు రోజుల్లో నూరు తూటాలు నింపింది. జీవితంలో అంత శుభ్రంగా ఎప్పుడూ నింపలేదు. మధ్యలో ఒకసారి క్లబ్బుకు ఫోన్ చేసింది.

పండగనాడు పూజ దగ్గర తూటాల డబ్బా కనబడక వీరేందర్ అడిగితే, "లోపల భద్రంగ ఉన్నది బావా" అంది. మధ్యాహ్నం బగారా అన్నం, మటన్ వండింది. పై పోర్షన్‌లో ఉండే వీరేందర్, భార్య పుట్టింటికి పోయిందని ఇక్కడే విస్తరి ముందు కూచున్నాడు.

"మటన్ మస్తుగుంది రోజా" అన్నాడు ఎముక జుర్రుకుంటూ. "నా యాభై తయారేనా? ఈసారి తుస్సుమనవు గద?"

రోజారాణి అతనికి ఇంకో గరిటె వడ్డించింది. తర్వాత పసుపు మరకల తెల్ల ట్రేను తెచ్చి అతని విస్తరి పక్కన పెట్టింది. అందులో ఒకే ఒక్క గొట్టం ఉంది, నోరు విప్పి.

"ఇదేంది?"

"నిరుటి తుస్సు తూటా. మడతల లోపల చూడు బావా. పసుపు. నేను తూటాల పోపు వెయ్యలే. గా పసుపు నువ్వు పోసిందే. తుడిస్తె అయిపాయె, రోజాకు చెప్పకు అన్నవు. బిందు ఫోన్‌ల నీ గొంతే ఉన్నది, వినిపియ్యాల్నా?"

బాలేష్ తలెత్తాడు. "అన్నా, నీకు ముందే ఎరుకనా?"

"అరె, పండుగపూట గిదేం లొల్లిరా? ఒక్క బిళ్ళ కోసం..."

"నీ బిళ్ళ ఒక్కటే. నేను సంవత్సరం తిన్న మాటలు లెక్కవెట్టినవా?" అంది రోజారాణి.

"ఇంటి మగపిల్లగాని పరువే..." అంటూ మొదలుపెట్టింది దుర్గాబాయి.

"నువ్వు ఆగత్తమ్మా. నవ్విన గొంతు గూడ అండ్ల ఉన్నది."

దుర్గాబాయి పెరుగు గిన్నెను తన వైపు లాక్కుంది.

"రోజా, ఆ రోజు అందర్తోటి నేను గూడ నవ్విన. తప్పయింది" అన్నాడు బాలేష్ నెమ్మదిగా. "నా యాభైతోటి ఈసారి..."

"నీ యాభై లేవు. ఆయన యాభై లేవు." రోజారాణి గొంతు పెరగలేదు. నీళ్ళ చెంబు కింద పెట్టి, తలుపుకు ఆనుకుని నిలబడి, అందరికీ వినబడేట్టు చెప్పింది. "ఆదివారం పోటీల నా పేరిచ్చిన. క్లబ్బుల బందూక్ ఇస్తరు, లైసెన్సుల నా పేరు ఎట్లాగు ఉన్నది. గా నూరు తూటాలు నావి. నువ్వు నింపుకుంటవంటే ప్రెస్సు ఆడ్నే ఉన్నది, నింపుకో. బావకు మాత్రం, గా నలభై మంది ముందట నిలబడి పసుపు నీళ్ళు పోసింది నేనే, నా మరదలి చెయ్యి తప్పలేదు అని తన నోటితోటి చెప్పేదాంక, ఈ ఇంట్ల ఒక్క తూటా గూడ లేదు. చెప్పినంక ఇస్తనా లేదా అనేది అప్పుడు చూస్త. ఇగ తినుండ్రి, సల్లారుతది."