ఒంటి తుమ్ము

నా ముక్కు చప్పిడిది. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఇంట్లో అద్దం ఉంది. అయినా అందరూ చెప్పేవారు.

మా అమ్మానాన్నలు పసివాళ్ళుగా ఉన్నప్పుడే చైనా నుంచి కలకత్తా వచ్చారు. పెళ్ళయ్యాక వైజాగ్ చేరి, నాన్న కట్టుడు పళ్ళు చేసే దుకాణం పెట్టాడు. నేను అక్కడే పుట్టాను. పేరు మెయ్‌యిన్. మేము అద్దెకున్న ఇంటి మామ్మగారికి అది నోరు తిరిగేది కాదు, మైనా అని పిలిచేది. ఒకసారి వాళ్ళబ్బాయి కోర్టు పని మీద గడప దాటుతుంటే నేను ఒకే ఒక్క తుమ్ము తుమ్మాను. "ఓసి నీ తుమ్ము తగలెయ్య! ఇప్పుడే రావాలిటే అది?" అని నెత్తిన ఒక్క మొట్టికాయ వేసి, కొడుకుని కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి గానీ కదలనివ్వలేదు. ఉక్రోషంతో ఏడ్చాను. ఆ మొట్టికాయ విలువ అప్పుడేం తెలుసు!

ఎనభై తొమ్మిదిలో నాన్నకి మస్కట్‌లో పళ్ళ క్లినిక్‌లో పని దొరికింది. అక్కడే అజైబా అనే పేటలో ఫ్లాట్. అమ్మ రోజంతా కిటికీ దగ్గర కూర్చునేది. స్కూల్లో నన్ను ఫిలిప్పీన్స్ పిల్ల అనుకున్నారు. చైనా హోటలాయన నాతో ఏదో అంటే ఒక్క ముక్క అర్థం కాలేదు. మా ఇంట్లో మాట్లాడేది హక్కా, ఆయనది వేరే భాష. ఈ మొహం పెట్టుకుని ఇది కూడా రాదా అన్నట్టు చూశాడు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. తెలుగు మాట్లాడదామంటే మనిషి లేడు.

అప్పుడు ఎదురు ఫ్లాట్‌లోకి కాకినాడ వాళ్ళు దిగారు. విశ్వేశ్వరరావుగారు, ఆయన భార్య శేషుకుమారి, నా ఈడు కూతురు విజేత. మొదటిరోజే ఆవిడ గుమ్మంలో నిలబడి, "చూశారా, ఎదురింటి చప్పిడిముక్కు పిల్ల, ఎంత ముద్దుగా ఉందో" అంది భర్తతో.

"చప్పిడిదైనా వాసన బాగానే పసిగడుతుంది పిన్నిగారూ. మీ పోపు మాడుతోంది" అన్నాను.

"ఓరి నాయనో! ఇది తెలుగు మాట్లాడుతోందండీ!" అని పకపకా నవ్వుతూ వంటింట్లోకి పరిగెత్తింది. ఆ నవ్వు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

పిలిచి పెరుగన్నం పెట్టింది. "పిన్నిగారూ ఏంటమ్మా, ఆంటీ అను చాలు" అంది. ప్రతి శుక్రవారం చుట్టాలూ స్నేహితులూ వస్తే నన్ను పిలిచేది. "ఏదీ, ఆ సామెత ఇంకోసారి అను!" నేను అనేదాన్ని. అందరూ చప్పట్లు కొట్టేవారు. విజేత తప్పు పలికితే మాత్రం తొడపాశం పెట్టేది.

నాకు కావలసింది ఆ తొడపాశమే. గడప మీద కూర్చుంటే విజేతకి తిట్లు. దీపాలు పెట్టేవేళ తల దువ్వుకుంటే తిట్లు. ఒకరోజు కావాలనే నేనూ వెళ్ళి గడప మీద దాని పక్కన కూర్చున్నాను. "లేవ్వే దరిద్రపుదానా, గడప మీదా?" అని విజేతని లేపింది. నా వైపు తిరిగి, "నువ్వు కూర్చో అమ్మా" అంది. ఎంత ఒళ్ళు మండిందో!

తరువాతి శీతాకాలంలో వాళ్ళు కొత్త కారు కొన్నారు. తొలి ప్రయాణం ఖబూరా అనే ఊరికి, అక్కడి సముద్రతీరం చూడ్డానికి. బానెట్ మీద పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. సాగనంపడానికి కిందికి వెళ్ళాను. గాలికి ఇసుక లేచింది.

తుమ్మాను. ఒక్కటే తుమ్ము. ఒట్టు, కావాలని కాదు.

తాళం తిప్పబోతున్న విశ్వేశ్వరరావుగారి చెయ్యి ఆగిపోయింది. నేను ఆంటీ వైపు చూశాను. ఇప్పుడు తిడుతుంది. నీ తుమ్ము తగలెయ్య అంటుంది. అందరం మెట్ల మీద కూర్చుంటాం, మంచినీళ్ళు తాగుతాం, నేను తల వంచుకుని నిలబడతాను. తిట్టు పిన్నీ, తిట్టు అనుకున్నాను.

"పోనివ్వండి. ఆ పిల్ల తుమ్ము మనకి పట్టదులెండి" అంది ఆవిడ.

నిమ్మకాయలు చితికాయి. కారు వెళ్ళిపోయింది. అమ్మ పై నుంచి కిటికీలో చూస్తోంది. పైకి వెళ్ళబుద్ధి కాక అక్కడే మెట్ల మీద కూర్చున్నాను.

సాయంత్రం వాళ్ళు క్షేమంగా తిరిగొచ్చారు. టైరుకి చిన్న పంక్చరైనా పడలేదు. ఆవిడ నా చేతిలో హల్వా డబ్బా పెట్టింది. "నీకోసమే తెచ్చామమ్మా, తిను."

అప్పుడొచ్చింది ఏడుపు. వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆవిడ కంగారుపడి విజేత వైపు తిరిగింది. "నచ్చలేదేమోనే. వాళ్ళు ఇలాంటివి తినరేమో" అంది. నా ఎదురుగానే, తెలుగులో.