ఎత్తిన వేలు

యూనివర్సిటీలో దివాకర్ గది ముందు ఎవరైనా నిలబడి ఉన్నారంటే, లోపల సారు ఉన్నట్టే లెక్క. ఎదురుగా కుర్చీలు ఖాళీగానే ఉంటాయి, కూర్చోమనే నోరే ఉండదు. గుమ్మంలో అలికిడి అయితే దివాకర్ తల ఎత్తడు, చూపుడువేలు ఎత్తుతాడు. ఆగమని దానర్థం. ఎంతసేపంటే ఆ వేలికే తెలియాలి.

ఇది పుట్టుకతో వచ్చిన విద్య కాదు. వ్యవసాయం చేసుకునే ఇంటి నుంచి వచ్చి ఇదే క్యాంపస్‌లో పీహెచ్‌డీలో చేరినప్పుడు, అతని గైడు ఇలాగే వేలెత్తి అతన్ని గుమ్మంలో నిలబెట్టేవాడు. కాళ్లు పీకేవి, అంతకన్నా మనసు చిన్నబోయేది. హాస్టల్ గదికి వెళ్లి అన్నం ముట్టకుండా పడుకున్న రోజులున్నాయి. తనకు ఆ కుర్చీ వస్తే ఒక్కరినీ ఇలా నిలబెట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. తీరా కుర్చీ వచ్చాక ఆ ఒట్టు ఏ గాలికి పోయిందో! పెద్దవాళ్లంటే ఇలాగే ఉండాలి కాబోలని, చూసి చూసి ఆ కుర్రాడు తనకు తెలియకుండానే నేర్చేసుకున్నాడు.

ఒకరోజు అతను క్లాసులో చెప్పిన పాఠమేమిటో తెలుసా? పిల్లలు పెద్దల మాటలు విని నేర్చుకునేదానికన్నా, పెద్దల పనులు చూసి నేర్చుకునేదే ఎక్కువని. భేషుగ్గా చెప్పాడు. చెప్పి గదికి వచ్చి కూర్చున్నాడో లేదో, అతని దగ్గర పరిశోధన చేస్తున్న కరుణ గుమ్మంలోకి వచ్చింది.

"సర్, ఒక్క మాట..."

వేలు లేచింది. కరుణ నిలబడింది. చాలాసేపటికి అతను తల ఎత్తి చూస్తే గుమ్మం ఖాళీ. అంత అవసరమైతే మళ్లీ వస్తుందిలే అనుకున్నాడు.

సాయంత్రం క్యాంటీన్ దగ్గర తోటి లెక్చరర్లు చాయ్ తాగుతూ నవ్వుకుంటున్నారు. దివాకర్‌ను చూసి నమస్తే అన్నారు, రమ్మని మాత్రం అనలేదు. తనతో ఎవరూ మనసు విప్పి ఎందుకు మాట్లాడరో అతనికి అంతుపట్టదు. తార్నాకలోని ఇంటిదాకా ఒక్కడే నడిచాడు. ఇంట్లోనైనా ఒక మనిషి తనతో నాలుగు మాటలు మాట్లాడితే బాగుండుననిపించింది.

భార్య శిరీష ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. హాల్లో ఆరేళ్ల కూతురు సుప్రజ బోర్లా పడుకుని బొమ్మకు రంగులు వేస్తోంది. ఊరి నుంచి వచ్చిన తల్లి లచ్చవ్వ పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఏం బొమ్మ బిడ్డా అది?"

పాప తల ఎత్తలేదు. చిట్టి చూపుడువేలు ఎత్తింది.

దివాకర్ భుజాన బ్యాగుతో అలాగే నిలబడిపోయాడు. ఎన్నో ఏళ్ల తర్వాత మళ్లీ కాళ్లు పీకుతున్నట్టనిపించింది. పాప వేలు దించలేదు.

"ఇది ఎవరు నేర్పిన్రు అవ్వా దీనికి?"

లచ్చవ్వ చేతిలో పని ఆపలేదు. "ఎవలు నేర్పుతరు కొడుకా? రోజూ నిన్నే సూస్తది. దానికి గట్లనే వేలు లేపుతవ్, నాక్కూడ లేపుతవ్. వచ్చినకాడికెల్లి నీతోని ఒక మాట చెప్పాల్నని సూస్తున్న. నువ్వు వేలు దించిన నాడు చెప్త తియ్యి."

ఆమె కోపంగా అనలేదు. కోపంగా అన్నా అతనికి అంత బాధ కలిగేది కాదు. అప్పుడు గుర్తొచ్చింది కరుణ. వెంటనే ఫోన్ చేశాడు.

"కరుణా, ఇయ్యాల ఏదో చెప్దామని వచ్చినవ్. చెప్పమ్మా, వింటున్న."

"మా నాన్నకు మంచిగ లేదు సర్. బస్సుల ఉన్న, ఇంటికి పోతున్న. ఇగ పీహెచ్‌డీ మానేద్దామనుకుంటున్న. గీడ నా బాధ చెప్పుకునేటందుకు ఒక్కలు లేరు సర్."

పాత హాస్టల్ గదిలోంచి తన గొంతే వినిపించినట్టయింది దివాకర్‌కు.

"నిన్ను నిలబెట్టుడు నాదే తప్పు. మానేసుడు గురించి నువ్వు వచ్చినంక మాట్లాడుకుందాం. ముందుగాల నాన్నకు ఏమైందో చెప్పు."

బస్సు చప్పుడు మధ్యనే కరుణ చెప్పడం మొదలుపెట్టింది. దివాకర్ తల్లి పక్కన నేలమీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, మధ్యలో అడ్డం రాకుండా అంతా విన్నాడు. చివర్లో ఆ అమ్మాయి, "వస్తా సర్, నాన్నకు మంచిగైనంక వస్తా," అంది.

ఫోన్ పెట్టేసి తల్లివైపు తిరిగాడు. "ఇప్పుడు చెప్పు అవ్వా."

రంగు పెన్సిల్ పక్కన పడేసి సుప్రజ కూడా లేచి వచ్చింది. అచ్చం తండ్రిలాగే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, నానమ్మ ముందు కూర్చుంది.

చూశారుగా? మనం మనిషిని గుమ్మంలో నిలబెడితే పిల్లలు నిలబెట్టడమే నేర్చుకుంటారు, పక్కన కూర్చుని వింటే వినడం నేర్చుకుంటారు.