మామ వీపు చూసిన మనిషి

మా మామ మహానందయ్యకు నంద్యాలలో బట్టల కొట్టుంది. కొట్టుకొచ్చినవాళ్లు చీర కొన్నా కొనకపోయినా, ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా జరిగిన మొదటి పరుగు పందెం కథ మాత్రం విని పోవాల్సిందే. కుర్రతనంలో అది గెలిచింది ఆయనే. "ఎనక్కి చూస్తే ఒక్క నరమానవుడు ల్యాడు!" అనే చోట గజంబద్ద ఎత్తి దూరం చూపిస్తారు. కోడలిగా వచ్చినప్పటి నుంచి వింటున్నాను. విన్న ప్రతిసారీ ఆ పందెంలో రెండోవాడుగా వచ్చినతను ఇంకో ఊరు వెనక్కి జరుగుతుంటాడు. ఇట్లాగే పోతే పందెం మొదలైన చోటికన్నా వెనక్కి పోయేటట్టున్నాడు.

పొద్దున్నే పరిగెత్తే మా జట్టువాళ్లం ఆ పందెం గుర్తుగా ఆళ్లగడ్డలో మామ పరిగెత్తే బొమ్మతో ఒక శిల పెట్టించాలనుకున్నాం. పని శిల్పి గురుస్వామికి అప్పజెప్పాం. దేవుళ్లను చెక్కడంలో అతనికి తిరుగులేదు. అదే మా కొంప ముంచింది.

ఉలి పడకముందు ఒకసారి చూసుకోమంటే మామను వెంటబెట్టుకుని ఆళ్లగడ్డలో అతని శిల్పశాలకు వెళ్లాను. రాతి మీద బొగ్గుతో గీసిన బొమ్మలో మామ పాదాలు రెండూ కలిపి నిటారుగా నిలబడి, కుడిచెయ్యెత్తి అభయమిస్తున్నారు. పెదవుల మీద చిరునవ్వు. పీతాంబరం బదులు నిక్కరు వేశాడు, అంతవరకు నయం.

"ఏందప్పా ఇది? నేను యాడా నిలబడల్యా! ఆళ్లగడ్డలో ఎత్తిన కాలు నంద్యాలలోనే దించినా!"

"నువ్విచ్చిన ఫొటోలో కప్పు పట్టుకోని నిలబడే ఉండావు కదన్నా," అన్నాడు గురుస్వామి. "ఉరికేటప్పుడు నిన్ను చూసినోళ్లుంటే పిల్చకరా. మళ్లీ గీస్తా."

మామ మొహం వాడిపోయింది. అప్పుడు చూసినవాళ్లు ఇప్పుడెక్కడని? రోజూ ఆయన్ని ఆటపట్టించే నాకే జాలేసింది. ఆ రెండోవాడి పేరు అడిగాను. మామ కథలో ఆయనకు ఏనాడూ పేరు లేదు.

"అబ్దుల్ రహిమాన్. ఈడనే సైకిల్ షాపు. వానికేం తెలుస్తాది, యాడో ఎనకుండె," అన్నారు మామ.

వెళ్లి తీసుకొచ్చాను. రహిమాన్ గారు బొమ్మను చూసి గడ్డం గోక్కుంటూ నవ్వారు.

"మొగం సంగతి నాకు తెల్దమ్మా. వీపడుగు, చెప్తా. ఎడమ భుజం వాల్చి ఉరుకుతాడు. కుడి మడమ బయటికి తంతాడు. చొక్కా కుట్టూడి శిరివెళ్ల దాటినాక జానెడు చినిగింది. లోపల పుట్టుమచ్చ ఉంది."

గురుస్వామి తడిగుడ్డతో అభయమిచ్చే మామను తుడిచేసి, వీపు గీయడం మొదలుపెట్టాడు. మామ అటు చూడనేలేదు. రహిమాన్ గారినే చూస్తున్నారు.

"పుట్టుమచ్చ కనపడేంత దగ్గరుంటివా?"

"నీ చెమట నా మీద పడతాండె."

"మరి దాటల్యా ఏందీ?"

"ఊపిరుంటే దాటనా?"

నవ్వు ఆపుకోలేక, రాతిపొడి గొంతులోకి పోయినట్టు దగ్గాను. మామ మాత్రం నవ్వలేదు. ఇన్నేళ్లూ గజంబద్దతో చూపించిన దూరమంతా ఆ చినిగిన చొక్కాలో పోయింది.

"గురుసామీ, ఈయన్ని గూడా గీయప్పా," అన్నారు మామ. "దగ్గరగా గీయి. ఉన్నంత దగ్గర."

"ఎనక నుంచి గీస్తాండా కదన్నా. అంత దగ్గరైతే ఆయన నిన్ను కప్పేస్తాడు."

చీరల బేరంలో కూడా మామ అంతసేపు ఆలోచించడం నేను చూడలేదు.

"కప్పనీలే. నా ఎడమ భుజం కనపడితే సాలు."

"బాగుంది!" అన్నారు రహిమాన్ గారు. "నా వీపెట్లుంటాదో ఎవరు చూసినారప్పా?"

మామ పంచె ఎగ్గట్టారు.

"నువ్వు ముందు ఉరుకు. నేను ఎనకొస్తా."

ఇద్దరివీ నొప్పుల మోకాళ్లే. సగం చెక్కిన నందుల మధ్య నుంచి రహిమాన్ గారు లుంగీ పట్టుకుని రోడ్డు వైపు ఉరికారు. ఆ వీపు మీద నుంచి చూపు తిప్పకుండా మామ వెనకే బయలుదేరారు. గేటు దగ్గర రహిమాన్ గారు ఆయాసంతో నెమ్మదించారు. మామ కూడా నెమ్మదించారు.