గోరింటాకు కింద మడమ

అత్‌బరా ఊళ్ళో మొగుడు బతికున్న ఆడదాని పాదాలు గోరింటాకుతో నల్లగా పండి ఉండాలి. బోసి పాదాలు విధవకే. పక్షవాతంతో మంచాన పడ్డ సిత్తనాకు నోరు సగమే తిరుగుతోంది గానీ, ఆ పట్టింపు మాత్రం చెక్కుచెదరలేదు.

"మీ నాన్న నిక్షేపంలా ఉన్నాడు. పండక్కి వచ్చేవాళ్ళకి నన్నిలా చూపిస్తావుటే?" అని కూతురు రుగయ్యాను సాధించింది.

రుగయ్యా తల్లిని పసిపిల్లలా చూసుకునేది. ఇంటికొచ్చే నర్సు తైసీర్ మొదట్లోనే చెప్పింది.

"మనది నల్లటి ఒళ్ళు చెల్లీ. ఎరుపు కనబడాలని కూర్చుంటే కొంప మునుగుతుంది. పడక పుండు లోపల పుట్టి పైకొస్తుంది. పొద్దున్నే చేతి వెనకవైపు ఆనించి చూడు. పక్క చోటుకంటే వేడిగా ఉన్నా, పిండిలా మెత్తబడ్డా, అమ్మ నొప్పి అన్నా, అదే మొదలు. అక్కడ బరువు పడనీకుండా నాకు కబురు పెట్టు."

అప్పట్నించీ తుంటి, నడుము, మడమలు తడిమి చూడకుండా రుగయ్యా టీ కూడా తాగేది కాదు.

పండగ ముందురోజు పిన్ని తోమా వచ్చింది. ఇద్దరూ గోరింటాకు దట్టంగా పట్టించి, బాగా నల్లబడాలని సిత్తనా పాదాలకు నిప్పుల సెగ చూపించారు. మడమలు మంచానికి ఆనకుండా పిక్కల కింద పెట్టి ఉంచే దిండును, దానికి రంగంటుతుందని తీసేశారు.

"మడమ మండుతోందే తోమా."

"మండకపోతే అది గోరింటాకేంటక్కా? పెళ్ళికూతురివి, ఆమాత్రం ఓర్చుకో!"

సిత్తనా వంకర నోటితోనే నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో, రుగయ్యాకు కళ్ళు చెమర్చాయి.

మర్నాడు రుగయ్యా చేతికి ఎడమ మడమ వేడిగా తగిలింది. సెగ తాలూకు వేడి అనుకుంది. మెత్తగా తగిలింది. నూనె రాశాం కదా అనుకుంది. చుట్టాలందరూ ఆ పాదాల్ని మెచ్చుకుంటుంటే ఇంకేం అనుకుంటుంది? మనసుకు సాకులు వెతకడం ఒకరు నేర్పాలా!

పండగ వెళ్ళాక తైసీర్ వచ్చి మడమ నొక్కి చూసింది.

"ఇది గోరింటాకు నలుపు కాదు చెల్లీ. లోపల కండ చచ్చిపోయింది. నీకు వేడి తగల్లేదా?"

"తగిలిందక్కా."

తైసీర్ మడమకు కట్టు కట్టి, ఆసుపత్రికి బండి పిలిపించింది. తిట్టినా బాగుండేది.

విషం పైకి పాకిందని ఆసుపత్రిలో మోకాలి కిందికి కాలు తీసేశారు. రుగయ్యా తన చేతుల్ని తానే అసహ్యించుకుంది. ఇంటికొచ్చిన సిత్తనా ఓ పొద్దున కూతుర్ని పిలిచింది.

"ఉన్న కాలికైనా పెట్టవే. మీ నాన్న బతికే ఉన్నాడుగా."

కాదనలేక రుగయ్యా గోరింటాకు కలిపింది. ముద్ద చేతిలోకి తీసుకునే ముందు, అలవాటు కొద్దీ చేతి వెనకవైపు ఆ మడమకు ఆనించింది. వేడిగా ఉంది. పొయ్యి ఇంకా రాజెయ్యనే లేదు.

"ఆగావేం? పెట్టు."

రుగయ్యా గిన్నె పక్కకు నెట్టేసి, మిగిలిన ఆ ఒక్క పాదాన్నీ పైకెత్తి పట్టుకుంది. తైసీర్‌ను పిలవమని తండ్రికి కేకేసింది.

"కన్నకూతురివై ఉండి నన్ను విధవను చేశావు కదే!" అంటూ సిత్తనా గోడవైపు తిరిగి ఏడవసాగింది.