నోరు తెరవని పెళ్ళికూతురి తల్లి

ఎక్కడో గుద్దుకుని డిపోకి వచ్చిన బస్సులకు ఫోటోలు తీయడం చిన్నదాని ఉద్యోగం. వయసు నలభై దాటినా ఇంట్లో అందరికీ ఆమె చిన్నదే. ఏ బంపరు ఎంత లోపలికి పోయిందో, ఏ అద్దం ఎటు పగిలిందో ఎవరూ కాదనలేనట్టు చూపించగలదు. బస్సులు అలగవు, ఫోటో చూసి ఏడవవు. మనుషుల ఫోటో జన్మలో ఒక్కటే గొప్పది తీసింది. అదే ఆమె కొంప ముంచింది.

సమ్మె రోజుల్లో బావ, అంటే అక్క మొగుడు, తోటి డ్రైవర్లతో కలిసి డిపో గేటు ముందు బైఠాయించాడు. మాత్రలు ఇంట్లో మరిచిపోయాడని అక్క వాటిని పట్టుకుని వచ్చి, ఆయన్ని అందరిముందూ కడిగిపారేసింది. చెయ్యి పైకెత్తి, మెడ నరాలు ఉబ్బి, కొండనాలుక కనబడేలా. చిన్నది టక్కున ఫోటో తీసింది. తీసి ఊరుకోక యూనియన్ కమిటీకి ఇచ్చింది. హక్కుల గురించి మైకు వదలకుండా మాట్లాడే ఆ పెద్దమనుషులు, ఫోటోలో ఉన్న మనిషిని మాటమాత్రం అడగకుండా పోస్టరు వేయించి, కింద ‘ఇక సహించం’ అని రాయించి ఊరంతా అంటించారు. సమ్మె గెలిచింది. అక్క కూరగాయలకు వెళ్ళినా కండక్టర్లు పిడికిలెత్తి జేజేలు కొట్టడం మొదలుపెట్టారు. మొగుణ్ణి మాత్రల కోసం తిట్టిన మనిషి రాత్రికి రాత్రి వీరనారి అయిపోయింది.

ఆనాటి నుంచి అక్క చెల్లెల్ని గడప తొక్కనివ్వలేదు. ఎక్కడైనా ఎదురుపడితే గోడకేసి చూస్తూ, “ఆవిణ్ణి కాస్త పక్కకి జరగమనండి” అనేది. చిన్నదానికి ఆ గోడల మీద కూడా అసూయ పుట్టేది.

అట్లాంటిది అక్క కూతురికి పెళ్ళి కుదిరింది. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాల పెళ్ళి. ఫోటోలు పిన్నే తీయాలని పిల్ల భీష్మించుకు కూర్చుంది. అక్క రుసరుసలాడి, చివరికి బావతో కబురు పంపింది. తీసుకోమను, కానీ నోరు తెరిచి ఉన్న నా ఫోటో ఒక్కటి కనబడిందా, ఈ జన్మలో ఇక దాని మొహం చూడను అని. చిన్నదానికి ఆ మాటలో బెదిరింపు కంటే ఆశే ఎక్కువ వినబడింది. తీయకపోతే చూస్తుందనే కదా అర్థం.

డిపో కెమెరా డిపో దాటకూడదు కనుక, అద్దెకు కెమెరాలిచ్చే కొట్టుకు వెళ్ళింది. కొట్టువాడు అరచేతిలో ఇమిడే లెన్సు ఒకటి తీసి ముందు పెట్టాడు.

“ఆఫీసు గదంటున్నారు కదమ్మా, ఇది చాలు. మనిషి పక్కనే నిలబడి తియ్యొచ్చు.”

“పక్కన నిలబడకుండా తీసేది కావాలి.”

“ఎంత దూరం నుంచి?”

“నేనున్నట్టు తెలియనంత.”

కొట్టువాడు ఆమెను ఎగాదిగా చూసి, ఇది పెళ్ళా, నిఘానా అని అడిగాడు. అయినా లోపలికి వెళ్ళి సొరకాయంత లెన్సు మోసుకొచ్చాడు. ఫ్లాషు వద్దంది. ఆ మెరుపుకు అక్క ఉలిక్కిపడి నోరు తెరిస్తే ఇంకేమైనా ఉందా. కొట్టువాడు మాత్రం చిన్న లెన్సును కూడా సంచిలో కుక్కి పంపాడు.

పెళ్ళిరోజు తెలిసింది గది సంగతి. ఇనప బీరువాలు, వాటి మీద దుమ్ము పట్టిన ఫైళ్ళు, రిజిస్ట్రారు బల్ల. మిగిలిన జాగాలో రెండు కుటుంబాలు. సొరకాయ లెన్సులోంచి చూస్తే పెళ్ళికొడుకు ముక్కు తప్ప ఏమీ పట్టలేదు. ఒక అడుగు వెనక్కి వేసింది, చెవులు పట్టాయి. గుమ్మం దాటింది, భుజాలు పట్టాయి. వరండా చివరికి వెళ్ళేసరికి పెళ్ళి మొత్తం పట్టింది గానీ, మధ్యలో ఫైళ్ళు మోసుకుంటూ పోయే గుమాస్తాలు కూడా పట్టారు. ఎవరో ముసలాయన, “లైను ఇదేనా?” అంటూ వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. ఆయన వెనక ఇంకొకరు.

పెళ్ళికూతురే బయటికి వచ్చింది. “పిన్నీ, పెళ్ళి లోపల.”

చిన్నది లెన్సు మార్చుకుని, ప్రాణాలు అరచేత పట్టుకుని లోపలికి వెళ్ళింది.

కెమెరా దగ్గరికి రావడం చూడగానే అక్క పెదాలు బిగించింది. ఇక తెరవలేదు. వియ్యపురాలు పలకరిస్తే తలూపింది. మిఠాయి ఇస్తే చేత్తో తోసింది. అల్లుడు కాబోయేవాడు దండం పెడితే, ఒక చెయ్యి అతని తల మీద, రెండో చెయ్యి తన నోటి మీద పెట్టుకుంది. చిన్నది కెమెరాలోంచి చూస్తూనే ఉంది. అక్క వెనక వియ్యపురాలి మొహం కొంచెం కొంచెంగా లోపలికి పోతోంది. సొట్టలు పోల్చడంలో చిన్నదాని కన్ను తప్పదు.

పెళ్ళికొడుకు సంతకానికి వంగాడు. వియ్యపురాలు అతని చేతిలోంచి కలం లాగేసుకుంది.

“వదినగారూ, దాచకండి. ఈ సంబంధం మీకు ఇష్టం లేదా?”

పెళ్ళికూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క గొంతులో మాటలు కొట్టుకోవడం బయటికే తెలుస్తోంది. కానీ ఆమె కళ్ళు కెమెరా మీదే. చిన్నది కెమెరా దించింది. అక్క నమ్మలేదు. చిన్నది కెమెరా మూత తెరిచి, బ్యాటరీ ఊడదీసి, అక్క అరచేతిలో పెట్టింది.

“ఇక తీయలేనక్కా. మాట్లాడు.”

అక్క దాన్ని గుప్పిట పట్టుకుంది. అప్పుడు కట్ట తెగింది. ఈ అబ్బాయిని వద్దంటే కూతురి కాళ్ళు విరగ్గొడతానని తనే అన్నట్టు చెప్పింది. పొద్దుటి నుంచి దవడలు పీకుతున్నాయంది. మాత్రల దగ్గర నుంచి పోస్టరు దాకా జరిగిందంతా చెయ్యెత్తి మరీ చూపించింది. ఆ పోస్టరు తమ వీధి మలుపులో కూడా ఉండేదనీ, ఆవిడకి అంత కోపం దేనికో అని తానెన్నోసార్లు అనుకున్నాననీ వియ్యపురాలు అంది. ఆ కోపం మొగుడి మాత్రల మీదని తెలిసి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆవిడ్ని చూసి అక్కా నవ్వింది. ఆ నవ్వుల్లో కలం చేతులు మారింది. పెళ్ళికొడుకు సంతకం పెట్టాడు, పెళ్ళికూతురు పెట్టింది. చిన్నది ఆనందం పట్టలేక కెమెరా కంటికి ఆనించి నొక్కింది. మళ్ళీ నొక్కింది. చప్పుడు లేదు.

అక్క గుప్పిట విప్పి చూసుకుంది. తలెత్తి నేరుగా చెల్లెలి మొహంలోకి చూసింది.

“బ్యాటరీ నా చేతిలో పెట్టి ఏం తీస్తున్నావే, తింగరిదానా? పిల్ల సంతకం అయిపోయింది. బస్సులంటే మళ్ళీ గుద్దుకుంటాయి, ఇది మళ్ళీ పెళ్ళి చేసుకుంటుందా?”

చిన్నదానికి కళ్ళు చెమర్చాయి. గోడతో కాదు, తనతో.

“నవ్వుతోంది చూడు, సిగ్గు లేకుండా. పెట్టు ముందు దీన్ని.”

ఫోటో కోసం సంతకం రెండోసారి పెట్టడం చట్టానికి విరుద్ధమని రిజిస్ట్రారు మొండికేశాడు. కలానికి మూత పెట్టి నటిస్తే అభ్యంతరం లేదన్నాడు. పెళ్ళికూతురు మూత పెట్టిన కలంతో గాల్లో సంతకం పెట్టింది. పిల్ల పక్కన నిలబడి, తల వంచమనీ, జుట్టు సర్దమనీ, ఆ వెలుగులో తియ్యవద్దనీ అక్క అందరినీ తిడుతూనే ఉంది. తీసిన ప్రతి ఫోటోలోనూ ఆమె నోరు బావిలా తెరిచే ఉంది. ఆ సంగతి చెప్పడానికి చిన్నదానికి సందు దొరకలేదు.

వరండాలోకి వచ్చాక కూడా ఆగలేదు. లైనులో ఉన్నవాళ్ళంతా మెడలు చాచి వింటున్నారు. వాళ్ళని చూసి అక్క ఊపిరి పీల్చుకుంది.

“ఇక్కడ జనం ఉన్నారు. ఆదివారం ఇంటికి రా. మిగతాది అక్కడ తిడతాను.”

“ఎన్నింటికి రమ్మంటావు?”

“పొద్దున్నే వచ్చెయ్. చాలా ఉంది.”