సారక్క నడిపితేనే వచ్చే మిస్సింగ్

సారపాకలో ఆడవాళ్లకు కారు నేర్పేది ద్వాలి ఒక్కతే. కొన్నాళ్లు ఆటో నడిపింది. తర్వాత దాన్ని అమ్మేసి ఇరవై ఏళ్ల నాటి తెల్ల కారు ఒకటి కొన్నది. నేర్చుకునేవాళ్లు తడబడితే పక్కన కూర్చున్న తాను బండిని ఆపగలిగేలా ఎడమ సీటు ముందు కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు బిగించుకుంది.

వానాకాలం వెళ్లిపోతుండగా ఆ కారుకు మిస్సింగ్ పట్టుకుంది. నున్నగా పోతూ పోతూ ఉన్నట్టుండి ఇంజన్ ఎక్కిళ్లు పెట్టేది. బండి గుంజుకుని, రెండడుగులు పోయి, మళ్లీ ఏమీ ఎరగనట్టు సాగేది. విచిత్రం ఏమిటంటే, ద్వాలి స్టీరింగ్ పట్టుకుంటే ఒక్కసారి కూడా రాదు. నేర్చుకునేవాళ్లలో సోని అనే అమ్మాయి నడిపితే ఎప్పుడో ఒకసారి. సారక్క నడిపితే మాత్రం అడుగడుక్కీ.

సారక్క బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన వెంకన్న భార్య. యాభై దాటింది. వెంకన్నకు చూపు మందగించింది. ఇంటి ముందు కారు కవరు కప్పుకుని పడి ఉండడం చూడలేక నేర్చుకుంటానని వచ్చింది. కాగితం మిల్లు గేటు దగ్గర లారీ డ్రైవర్లు ఆ గుంజుళ్లు చూసి నవ్వేవాళ్లు. "ఇంజన్‌కు కాదమ్మా, నడిపేటోళ్లకు చేయించాలె రిపేరు" అని ఒకడు అరిచాడు కూడా.

మెకానిక్ బొజ్జయ్య చేయాల్సినవన్నీ చేశాడు. ప్లగ్గులు మార్చాడు, కార్బొరేటర్ కడిగాడు, పెట్రోల్ ఫిల్టరు కొత్తది వేశాడు. ప్రతిసారీ తానే ఒంటరిగా గోదావరి వంతెన దాకా నడిపి చూసి వచ్చేవాడు.

"బండి బంగారమసుంటిదక్కా. నాకైతే ఒక్కపారి గూడ మిస్ కొట్టలే" అనేవాడు.

ద్వాలికి కూడా మనసులో అనుమానం మొదలైంది. సారక్క క్లచ్ సరిగా వదలడం లేదేమో. కానీ ఆమె కాలినే చూస్తూ కూర్చున్న రోజున కూడా తప్పేమీ కనిపించలేదు. కాలు క్లచ్ మీద లేనే లేదు, అయినా బండి గుంజింది.

ఆ రోజు బూర్గంపాడు రోడ్డులో ఎదురుగా జామాయిల్ కట్టెల లారీ వచ్చింది. సారక్క పక్కకు తీసుకుంటుండగా ఇంజన్ ఎక్కిళ్లు పెట్టింది. లారీ హారన్ మోగిస్తూ రాసుకుంటూ పోయింది. సారక్క కారు ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఇగ నాతోని గాదు బిడ్డా. సోనిని చూస్కో. నేను మానేస్త."

"నీతోని గాకపోవుడేంది? నీ తప్పే అయితే నేనే చెప్త. అప్పటిదాక మానేది లేదు" అంది ద్వాలి. అని, కారును నేరుగా బొజ్జయ్య షెడ్డుకు పట్టించింది.

"నువ్వు ఒక్కనివే నడిపి చూసుడు గాదు. సారక్క నడుపుతది. నువ్వు ఎనక కూసోని ఇను."

బొజ్జయ్య చేతులు తుడుచుకుని ఎక్కాడు. మిల్లు గోడ దాటీ దాటకముందే ఇంజన్ టకటకమని తప్పింది. బొజ్జయ్య ముందుకు వంగాడు.

"అవ్ అక్కా! ఉన్నది! ఇది క్లచ్ గాదు, కరెంటే కట్టయితున్నది."

సారక్క వెనక్కి తిరిగి చూసింది. "ముందు రోడ్డు చూడమ్మా!" అని అరిచాడు బొజ్జయ్య.

ముందు కూర్చుంటే ఇంజన్ చప్పుడు ఇంకా బాగా వినిపిస్తుందని అతను ఎడమ సీటులోకి మారాడు. ద్వాలి వెనక్కి వెళ్లింది. సారక్క మళ్లీ బయల్దేరింది. లారీలు వచ్చాయి, బస్సు వచ్చింది, గేదెలు అడ్డం వచ్చాయి. బొజ్జయ్య భయానికి మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, తలుపు మీది పిడిని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. ఇంజన్ మాత్రం ఒక్కసారి తప్పితే ఒట్టు.

"ఇప్పుడేంది, నోరు మూసుకున్నది?" అన్నాడు.

మళ్లీ సీట్లు మారారు. ద్వాలి ఎడమ సీటులోకి వచ్చీ రాగానే మిస్సింగ్ వచ్చింది. ఇంకోసారి మారారు. పోయింది.

ద్వాలికి అప్పుడు తట్టింది. సారక్క కాదు, సోని కాదు. ఎడమ సీటులో తాను కూర్చుంటేనే వస్తోంది. మళ్లీ ఎడమ సీటులో కూర్చుని, ఈసారి రోడ్డును కాక తన కాళ్లను చూసుకుంది. ఎదురుగా ఆటో కనబడగానే, తనకు తెలియకుండానే ఎడమ కాలు లేచి క్లచ్ మీద వాలింది. తొక్కలేదు. ఊరికే ఆనించింది, అంతే. ఇంజన్ ఎక్కిళ్లు పెట్టింది.

"ఆపు సారక్కా! ఇంజన్ బంద్ చెయ్యకు!"

బండి రోడ్డు పక్కన ఆగింది. ద్వాలి దిగి, తలను డ్యాష్‌బోర్డు కిందికి దూర్చి, ఎడమ పక్క క్లచ్‌ను చేత్తో కొద్దిగా నొక్కింది. ఇంజన్ తప్పింది. వదిలింది. నున్నగా తిరిగింది. నొక్కింది. తప్పింది.

"దొరికినవ్!" అని అరిచింది, దొంగ జుట్టు చేతికి చిక్కినట్టు.

ఎడమ క్లచ్ నుంచి డ్రైవరు క్లచ్‌కు పోయే ఇనప కడ్డీ, ఎడమ వైపు నుంచి నొక్కినప్పుడే కదులుతుంది; కొద్దిగా కదిలినా వెనకనున్న వైర్ల కట్టను ఒత్తుతోంది. ప్లగ్గులను వెలిగించే కాయిల్‌కు కరెంటు తీసుకుపోయే వైరు ఆ ఒత్తిడికి లోపలే నలిగి, పైకి బాగానే ఉన్నా ఒకటి రెండు రాగి పోగుల మీద బతుకుతోంది. ఒత్తినప్పుడల్లా ఆ పోగులు విడిపోయి కరెంటు పోతోంది. ఎవరు ఎంత తడబడితే ద్వాలి కాలు అంతగా క్లచ్ మీదికి పోయేది. అందుకే సారక్కకు అన్ని ఎక్కిళ్లు.

"ఏందే! ఇన్నొద్దుల సంది నీ భయమేనా నన్ను గుంజింది?" అంది సారక్క. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ద్వాలికీ నవ్వు ఆగలేదు. బొజ్జయ్య నవ్వుతూనే కొత్త వైరు వేసి, దాన్ని కడ్డీకి దూరంగా పైనుంచి తిప్పి కట్టాడు. ద్వాలి క్లచ్‌ను ఎటు నొక్కినా, ఎంత నొక్కినా ఇంజన్ చలించలేదు.

ఆ సాయంత్రమే సారక్క మొదటిసారి గోదావరి వంతెన ఎక్కింది. కింద నీళ్లు ఎర్రగా, నిండుగా పారుతున్నాయి. వెనక బస్సు హారన్ కొట్టినా బెదరలేదు. అవతల భద్రాచలంలో దిగి, అందరికీ చెరుకు రసం తాగించి, తిరుగు దారిలో కూడా స్టీరింగ్ ఎవరికీ ఇవ్వలేదు.

మరుసటి నెలలో సోని, సారక్క ఇద్దరూ ఒకే రోజున లైసెన్సు టెస్టుకు వెళ్లారు. ఇద్దరూ పాసయ్యారు. మర్నాడు సారక్క ఇంటి ముందున్న కారు కవరు లాగి పారేసి, వెంకన్నను పక్కన కూర్చోబెట్టుకుని కొత్తగూడెం బయల్దేరింది. పాల్వంచ దాటాక వెంకన్న సీటు అంచును గట్టిగా పట్టుకున్నాడు.

"జర మెల్లగ పోనియ్యే!"

"మెల్లగనే పోతున్న. నువ్వు అద్దం దించి గాలి పీల్చుకో" అని సారక్క గేరు మార్చింది.