ఎడమకి కావాలంటే కుడికి

మర్నాడు లారీకి ఫిట్‌నెస్ పరీక్ష. ఈసారి ఫెయిలైతే అమ్మేద్దామని అక్క తేల్చి చెప్పేసింది. నాన్న పోయాక అందులో సగం తనది. బండి పోతే నేను బావ షాపులో వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడుతూ కూర్చోవాలి. నాకోసం కుర్చీ కూడా కొనేశారు. దాని ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు.

నాకు మనుషులంటే కోపం లేదు. క్యాబిన్‌లో ఒక్కణ్ణే ఉన్నప్పుడు నా మొహం ఎలా ఉందో నేను పట్టించుకోనక్కర్లేదు, అంతే.

చెడింది స్టీరింగ్ కింద ఉండే కాంబినేషన్ స్విచ్. ఇండికేటర్ కాడ కొడితే వైపర్ కదిలేది. మండుటెండలో కూడా మలుపు వచ్చినప్పుడల్లా బండి అద్దం తుడుచుకునేది. బావకి ఆటో ఎలక్ట్రికల్ పని వచ్చు. కొత్త స్విచ్ పట్టుకుని క్యాబిన్‌లోకి ఎక్కాడు.

"బ్యాటరీ తీగ పీకావా?"

"పీకాను."

"పోయినసారీ ఇదే చెప్పావు. నా కనుబొమ్మ ఇంకా పూర్తిగా మొలవలేదు."

హారన్ మూత ఊడదీసి, మధ్యలోని పెద్ద నట్టు విప్పాడు. స్టీరింగ్ ఎలా కూర్చుని ఉందో గుర్తుకోసం మార్కరుతో గీత గీశాడు. పుల్లర్ బిగించి లాగితే అది ఊడి ఒళ్ళో పడింది. మిగిలిన బోసి రాడ్డు వైపు నేను చూడలేకపోయాను. ఎవరో బట్టలు మార్చుకుంటున్న గదిలోకి చెప్పకుండా వెళ్ళినట్టయింది.

లోపల నల్ల టేపు చుట్టిన రెండు అతుకులు కనిపించాయి.

"ఏరా, ఇదేం అతుకు? ఎడమ తీగ కుడికి, కుడి తీగ ఎడమకి కలిపారు."

"నాన్న."

"మామయ్యా! ఆయన చెయ్యి పడితే కరెంటు కూడా దారి తప్పుతుంది."

నాన్న ఎప్పుడో రిపేరు చేస్తూ తారుమారుగా కలిపాడు. మళ్ళీ విప్పడం కంటే అలవాటు పడటమే తేలిక అనుకున్నాడు. నాకు బండి నేర్పినప్పుడు చెప్పింది కూడా అదే: "ఎడమకి కావాలంటే కాడ కుడికి కొట్టు." పాఠం అక్కడితో సరి. అప్పట్నుంచీ నా చెయ్యి అలాగే కొడుతోంది.

ఈ మాట బావకి చెప్పాలి. నోటిదాకా వచ్చింది. చెబితే ఎందుకు, ఎప్పట్నుంచి, ఇన్నాళ్ళూ దాచావేం అని అడుగుతాడు. మింగేశాను. బావ తీగలు సరిచేసి, కొత్త స్విచ్ బిగించి, గీతకి గీత కలిపి స్టీరింగ్ పెట్టాడు. ఇండికేటర్ వేసి చూశాడు, వైపర్ కదల్లేదు.

మర్నాడు పరీక్ష చేసే ఆఫీసరు లారీ వెనక నిలబడ్డాడు.

"ఎడమ."

కొట్టాను.

"అది కుడి."

"సారీ అండి."

"పోనీ, కుడి వెయ్యండి."

కొట్టాను. ఈసారి ఎడమది వెలిగింది. ప్లాస్టిక్ కవరు మీద కూర్చుంటే వచ్చే చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

ఆఫీసరు నడుచుకుంటూ వచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, కాడని తనే అటూ ఇటూ కొట్టి, పక్క అద్దంలో దీపాలు చూసుకున్నాడు.

"బండి పాసు," అన్నాడు. "మనుషుల్ని పరీక్షించేది పక్క గది. మిమ్మల్ని అక్కడికి పంపే అధికారం నాకు లేదు."

తిరిగొస్తూ, బావ షాపున్న సందులోకి కుడి దీపం వేసి ఎడమకి తిరిగాను. వెనక వ్యాను ఎడమ తలుపుకి జానెడు దూరంలో కీచుమంటూ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు.

"ఏమయ్యా, ఎటు పోతావో నీకైనా తెలుసా?"

నాకు తెలుసు. అతనికే చెప్పలేదు.

బావ షాపు ముందే నిలబడి ఉన్నాడు.

"పాసా?"

"బండి పాసు."

"మరి మొహం అలా వేలాడేశావేం?"

నాన్న పాఠం, పక్క గది, వ్యాను, అన్నీ చెప్పాను. నేను ఆపకుండా అంతసేపు మాట్లాడటం ఇద్దరికీ కొత్తే. బావ మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. నేను భయపడ్డ ప్రశ్నలు అసలు ఉన్నాయో లేవో కూడా తెలియలేదు.

"నిన్ననే చెప్పి ఏడిస్తే నాకు నడుం నొప్పి తప్పేది కదరా," అని స్క్రూడ్రైవరు తీసుకున్నాడు.

"తీగలు మళ్ళీ తిరగేస్తావా?"

"నిన్ను విప్పడానికి నా దగ్గర పుల్లర్ లేదు. దీనికైతే ఉంది. కాకపోతే ఈ బండి ఇంకెవడికీ ఇవ్వకు."

"ఎవడడిగాడు?"

పనయ్యాక కాడ కుడికి కొట్టాను. ఎడమ దీపం వెలిగింది.

బావ చేతులు తుడుచుకుని, కొత్త కుర్చీ ముందుకు లాక్కుని, ప్లాస్టిక్ కవరు పరపరా చింపి తనే కూర్చున్నాడు.

"బాగుందా?" అన్నాను.

"కాస్త ఎడమకి ఒరిగింది. అలవాటు పడతాను."